బి వైపు

గుణుపురం టేసను బయట నా టీ బడ్డీకి రెండు బల్లలు.
ఒకదాని మీద అసిర్నాయుడు, పాయింట్సుమాను.
రెండోదాని మీద గౌరంగ పాఢి, టిక్కెట్ల గుమస్తా.
నడుమ బొగ్గుల పొయ్యి, నాను,
పదకొండేళ్లు.

"తవుడమ్మా, ఆయనకి సెప్పు.
గిటారంటే బరంపురం దిబాకరు.
ఆరు తీగల్లో నాలుగు తెగిపోతే
ఉన్న రెంటితోనే తెల్లార్లూ లాగీసినోడు."
గరిటి తిప్పుతూ అటు తిరిగి సెప్తాను.
"తవుడమ్మా, అతనికి నువ్వు చెప్పు.
తీగలు తెంపుకున్నవాడా గొప్ప, తెగకుండా వాయించినవాడా?
పర్లాకిమిడి కూర్మయ్య బెంజో చూశాడా ఎప్పుడైనా?
ఆ మీటలు టైపు మిషనువి. కోర్టు వేలంలో కొన్నాడు.
తీర్పులు కొట్టిన మీటలు."
ఇటు తిరిగి సెప్తాను.
ఈలోగా పాలు పొంగిపోతాయి.

సిత్రమేటంటే
ఒరియా ఆయన తెలుగోడి పచ్చం,
తెలుగాయన ఒరియావోడి పచ్చం.
బాస తగువైతే ఏనాడో తీరిపోను.

దిబాకరు వాయిస్తంటే సిన్న బండి డ్రైవరు
కూత మరిసిపోయి అరగంట లేటు సేసీసినాడంట.
"చిన్న బండి లేటవడానికి గిటారెందుకు?" అని పాఢి.
నాతోటే.

దారిన పోయినోళ్లూ ఓ సెయ్యి ఏసీవోరు.
రాయగడ బస్సు కండెక్టరుకి ఆళ్ల మావ సన్నాయే సన్నాయి,
మిగతావన్నీ గొట్టాలు.
పేపరుమిల్లు బేండులో క్లారినెట్టు ఊదినోడి పేరు సెప్పి
కళ్లు తుడుసుకున్నాడొకడు, డబ్బులియ్యకుండా ఎల్లిపోయినాడు.
అల్లం బుట్ట దించి సవర సుక్కయ్య అన్నాడు:
"మా డోలు మీరిద్దరూ కలిసి ఎత్తలేరు. ఎత్తినాక మాటాడండి."

ఇంతకీ తగువు పుట్టింది జాతర్లో.
ఒకే పందిరి కింద గిటారూ, బెంజో.
నడిరేతిరి కరెంటు పోయింది.
బేటరీ మీద మైకొక్కటే బతికింది.
ఆ సీకట్లో ఒకడాపీసినాడు, ఒకడు వాయించినాడు.
ఎవుడు?
లైట్లొచ్చీసరికి ఇద్దరూ సెమట తుడుసుకుంటన్నారు.

పట్టాలు ఎడల్పు సేస్తారని సిన్న బండి ఆపీసిన యేడు
కోటర్సు కాళీ సేస్తంటే
పాఢి పెళ్లాం ట్రంకుపెట్టి అడుగున కేసెట్టు దొరికింది.
పెన్సిలెట్టి తిప్పి, రిబ్బను బిగించి,
నా బడ్డీ టేపురికార్డర్లో ఎట్టింది
ఆయమ్మే. ఇయ్యాల తేలిపోవాలనీసి.

ముందు గరగర.
ఏరుసెనక్కాయలోడి కేక. మైకు ఈల.
ఎవులిదో పసిగుడ్డు ఏడుపు.
అప్పుడొచ్చింది.
తడిసీర పిండినట్టు ఒక్క సొరం,
ఆఖరి సుక్కదాకా,

"ఇది దిబాకరేరా!"
"కాదు, కూర్మయ్య. చెవులున్నాయా నీకు?"
"నీకేటి తెల్సు, కూకో!"
"నువ్వు కూర్చో!"

ఆళ్ల గొంతులే.
దగ్గింకా పట్టని గొంతులు.
పాట పొడుగునా ఆళ్లే.
అడుగున ఎక్కడో, ఏట్లో జారిన ముక్కుపుడకలాగ
ఓ మెరుపు, మళ్లీ ఇసక.
సప్పట్లు.
టక్.

పదకొండేళ్లలో మొదటిసారి
నాకు మొయ్యడానికి ఎవులూ ఏ మాటా ఇవ్వలేదు.
పొయ్యిలో బొగ్గు ఒకటి సిటపటమంది.
పాఢి దానికేసే సూసి,
"తవుడమ్మా, బి వైపు తిప్పమని చెప్పు."
"ఆవిడకెందుకు సెప్తావు?
పెట్టి నీ సేతికాడే ఉంది గదేటి," అసిర్నాయుడు.

తిప్పినాడు.
బి వైపు ఏటీ లేదు. కాళీ రిబ్బను,
వానకి ముందు రేకుల మీద గాలిలాగ.
ఇద్దరూ మెడలు సాసి ఇన్నారు, సేనాసేపు.
"ఇదిగో, ఇదీ కూర్మయ్యే," అన్నాడు పాఢి.
"నీ మొకం," అన్నాడు అసిర్నాయుడు,
పదకొండేళ్లకి,
మొకం మీదే.